ఆగ్ అమీర్లది, ధువాఁ గరీబులదా?



హైదరాబాద్‌లో పైసలున్నవాళ్ల మధ్య ఇప్పుడు నడుస్తున్న కొత్త షౌక్ పేరు 'లైవ్ ఫైర్ డైనింగ్'. గ్యాస్ ఉండదు, కరెంట్ పొయ్యి ఉండదు. కట్టెలు, బొగ్గులు, ఇనుప జాలీలు. హాల్ మధ్యలో గాజు గోడ వెనక మంట ఎగురుతుంటుంది. ఇవతల మెత్తటి కుర్చీలు, ఏసీ, చెవిలో గుసగుసలాడినట్టు మ్యూజిక్. ఆ మంటను చూస్తూ తిన్నందుకు మనిషికి నాలుగైదు వేలు. మన ఖాందాన్లకూ ఈ షౌక్ అంటుకుంది. మంగ్నీ అయితే అక్కడ, ప్రమోషన్ వస్తే అక్కడ, దుబాయ్ నుంచి దామాద్ దిగితే అక్కడ.

అసలు ఆ పేరుతోనే నాకు ఏతరాజ్. అది లైవ్ ఫైర్ అయితే మన గల్లీల్లో ఇన్నేళ్లూ మండింది ముర్దా ఫైరా? పురానీ హవేలీ దగ్గర 1851లో మున్షీ మొదలుపెట్టిన చార్ కోనీ నాన్ ఏ నిప్పు మీద కాలింది? రంజాన్ నెలంతా ఇటుకా మట్టీ పెట్టి కట్టిన భట్టీల్లో పొద్దున్నుంచి మగ్‌రిబ్ దాకా ఉడికే హలీమ్ ఏ నిప్పు మీద ఉడుకుతోంది? ఆ హలీమ్‌కు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ కాగితాల్లో కూడా కట్టెల మంట, గంటల తరబడి ఉడకబెట్టడం, కర్ర ఘోట్నీతో కొట్టడం, అన్నీ ఉన్నాయి. సర్కారు ముద్ర పడిన నిప్పు అది. అయినా ఆ భట్టీ దగ్గర ఎవరూ సెల్ఫీ దిగరు. ముక్కు మూసుకుని పార్సెల్ తీసుకుని కారెక్కుతారు.

ముందే చెప్తున్నా, నా ఝగడా నిప్పుతో కాదు. మంచి గోష్త్ మీద ఎవరైనా ఎక్కువ ఖర్చు పెడితే దానితోనూ కాదు. సంపాదన హలాల్, ఖానా హలాల్ అయితే అల్లాహ్ ఇచ్చిన నేమత్ తినొచ్చు, శుకర్ చేయొచ్చు. నా ఝగడా ఒక్కదానితోనే. నిప్పుకు ఇజ్జత్ ఇస్తున్నారు, కట్టెకు ఇజ్జత్ ఇస్తున్నారు, ఇనుప జాలీకి కూడా ఇస్తున్నారు. దాని ముందు నిలబడి సెగ తిన్న మనిషిని మాత్రం గాయబ్ చేస్తున్నారు. హోటల్ వాళ్లు మాత్రమే ఈ పని చేస్తే వాళ్ల తిజారత్ వాళ్లదని ఊరుకునేవాణ్ణేమో. మనమూ చేస్తున్నాం. మన షాదీల్లో, మన ఫంక్షన్ హాళ్ల వెనక. అందుకే రాస్తున్నాను.

పోయిన చలికాలం మా భాంజాకు కొలువులో తరక్కీ వచ్చింది. మా ఐదుగురిని అలాంటి ఒక చోటికి తీసుకెళ్లాడు. పేరు రాయను, రాసినా తేడా ఉండదు, ఇవన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. మెనూ కార్డ్ చేతికిచ్చారు. మేకపిల్ల ఏ ఫామ్‌లో పెరిగిందో రాశారు. కట్టె ఏ చెట్టుదో రాశారు: మామిడి, చింత, ఒక వంటకానికైతే జామ. ఉప్పు ఏ సముద్రానిదో, గ్రిల్ ఏ దేశంలో చేసిందో రాశారు. మెనూ తయారుచేసిన పెద్ద చెఫ్ ఎన్ని దేశాలు తిరిగాడో సగం పేజీ రాశారు. ఆ రాత్రి గాజు వెనక, మూతికి నల్లగుడ్డ కట్టుకుని, బొగ్గుల్ని ఇటు లాగి అటు తోస్తూ, మేము తిన్నంతసేపూ ఒక్క నిమిషం కూర్చోని పిల్లాడి పేరు ఎక్కడా లేదు.

వెయిటర్‌ను పిలిచాను. "బేటా, ఆ గోష్త్ కాలుస్తున్న భాయ్ పేరేంటి?"

అతను కంగారుపడ్డాడు. "ఏమైనా ప్రాబ్లమా సర్?"

"కాదు, బాగుంది. పేరు తెలుసుకుందామని."

లోపలికి వెళ్లొచ్చి, "గ్రిల్ సెక్షన్ సర్" అన్నాడు.

మేకపిల్లకు అడ్రస్ ఉంది. చెట్టుకు జాత్ ఉంది. మనిషి మాత్రం సెక్షన్.

తర్వాత వచ్చింది అసలు తమాషా. నల్లరాతి పలక మీద పల్చటి గోష్త్ ముక్కలు, పక్కన చిటికెడు ఉల్లిపాయ ఆచార్, పైన ఒక పువ్వు. కార్డ్ మీద దాని పేరు 'స్టోన్ సియర్డ్ ల్యాంబ్, దక్కన్ స్పైస్'. ఆరు ముక్కలు, 1,850 రూపాయలు. గ్రానైట్ పలకను బొగ్గుల మీద ఎంతసేపు వేడిచేస్తారో, గోష్త్‌కు మంట తగలకుండా రాయి వేడి ఒక్కటే ఎలా తగులుతుందో, ఇది ఎంత పురాతన టెక్నిక్కో వెయిటర్ మాకు సమ్‌ఝాయించాడు. మా ఆపా పుట్టింది పెరిగింది చార్మినార్ నీడలో. మహబూబ్ అలీ పాషా షికార్‌కు వెళ్లినప్పుడు సీఖ్‌లు లేక బండరాయి మీద గోష్త్ కాల్చారనే కహానీ వింటూ నిద్రపోయిన పిల్ల. అంతా సబర్‌తో వింది. తర్వాత నా వైపు తిరిగి, "పత్థర్ కా గోష్త్‌కు పాస్‌పోర్ట్ బనాయించిన్రు రా" అంది.

జాయెకా బాగానే ఉంది. అబద్ధం ఎందుకు? కాల్చిన ఆ పిల్లాడి చేతిలో హునర్ ఉంది. బిల్లు 22 వేలు దాటింది. అందులో పది శాతం సర్వీస్ చార్జ్. దాన్ని గ్రాహక్ మీద బలవంతంగా రుద్దకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. అంటే తీసేయమని అడిగే హఖ్ మీకుంది, గుర్తుపెట్టుకోండి. నేను తీసేయమనలేదు. ఇందులో ఆ గ్రిల్ ముందున్న అబ్బాయికి ఎంత పోతుందని అడిగాను. మేనేజర్ నవ్వి, "కంపెనీ పాలసీ సర్" అన్నాడు.

మధ్యలో ఒక జరూరీ మాట. మన ఖాందాన్లు ఇలాంటి చోట "మీట్ హలాలేనా?" అని ఒక్క సవాల్ అడిగి, "హలాలే సర్" అనగానే తసల్లీ అయిపోతారు. బొగ్గుల గ్రిల్ దగ్గర ఆ ఒక్క సవాల్ చాలదు. గ్యాస్ మీద గిన్నె వేరు పెడితే సరిపోతుంది. ఇక్కడ గిన్నె లేదు. గోష్త్ నేరుగా జాలీ మీద కూర్చుంటుంది. కొవ్వు కరిగి బొగ్గుల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది, అది భగ్గుమని కాలి లేచే పొగే గోష్త్‌కు ఆ జాయెకా ఇస్తుంది. అదే జాలీ మీద ఇందాక పంది మాంసం పెట్టారా? పట్టుకునే చిమ్టా ఒకటేనా? పైన పూసే బ్రష్ ఏ గిన్నెలో ముంచుతున్నారు, అందులో వైన్ ఉందా? ఈ మూడూ అడగండి. మొహమాటపడకండి. మేము అడిగితే జాలీ ఒకటేనని ఒప్పుకుని, రాతి పలక మీద చేసేవి, విడిగా మట్టి తందూర్‌లో చేసేవి చూపించారు. అవే తిన్నాం. అడగ్గానే నిజం చెప్పినందుకు వాళ్లకు శుక్రియా.

సరే, అసలు బాత్‌లోకి.

మా పెద్ద మామూ కర్నూలులో షాదీ బావర్చీ. 40 ఏళ్లు దేగ్ ముందు నిలబడ్డాడు. కచ్చే గోష్త్ కీ బిర్యానీ ఆయన చేతిలో చూడాలి. పచ్చి గోష్త్‌కు పెరుగు, పచ్చి బొప్పాయి, అల్లం వెల్లుల్లి, వేయించిన ఉల్లిపాయ పట్టించి అడుగున పరుస్తాడు. బియ్యాన్ని ఒకే మోతాదులో ఉడికించడు. కింది పొరకు తక్కువ, పై పొరకు ఎక్కువ. ఎందుకంటే కింద గోష్త్ నీళ్లు వదులుతుంది, ఆ ఆవిరితో కింది చావల్ ఇంకా ఉడుకుతుంది. మూతకు ఆటా పెట్టి బిగిస్తాడు. మొదట కింద మంట తేజ్. అంచుల్లో ఆవిరి తన్నడం మొదలవగానే కట్టెలు వెనక్కి లాగి, అంగారాలు పారతో తీసి మూత మీద పరుస్తాడు. ఇక అక్కణ్ణుంచి లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడదు. మూత తీసి చూస్తే దమ్ పోయినట్టే. మామూ దేగ్ పక్కన ఒంగి చెవి పెట్టి వింటాడు. అడుగున నీళ్లు ఉన్నంతసేపు ఒక చప్పుడు. నీళ్లు ఇగిరి నెయ్యి మిగిలాక ఇంకో చప్పుడు. ఆ రెండింటి మధ్య ఉన్న కొద్ది నిమిషాల్లో నిప్పు తీసేయాలి. ముందు తీస్తే గోష్త్ పచ్చి, తర్వాత తీస్తే అడుగంటుతుంది. బయట బారాతీలు కూర్చునే ఉంటారు. అడుగంటిందంటే పోయేది బావర్చీ పేరొక్కటే కాదు, పెళ్లికూతురి తండ్రి ఇజ్జత్ కూడా. థర్మామీటర్ లేదు, టైమర్ లేదు. రెండు చెవులు, ఒక ముక్కు.

సీఖ్ కాల్చేవాళ్ల దగ్గరా అంతే ఇల్మ్ ఉంది. మంట ఉన్నప్పుడు సీఖ్ పెట్టడు ఉస్తాద్. మంట మసి పూస్తుంది. మంట చచ్చి, బొగ్గు మీద బూడిద తెల్లగా పొరకట్టి, లోపల ఎర్రగా ఉన్నప్పుడు పెడతాడు. అప్పుడు తగిలేది సెగ మాత్రమే. కబాబ్ లోపలిదాకా కాలుతుంది, పైన నల్లబడదు. ఎక్కడ సెగ తక్కువైతే అక్కడ పంఖా. ఇదంతా మెనూ కార్డ్ మీద రాస్తే 'ఎంబర్ కుకింగ్' అవుతుంది. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఫుట్‌పాత్ మీద చేస్తే 'హైజీన్ ఉండదు' అవుతుంది.

ఈ నిప్పు హునర్‌ను దునియాలో పెద్ద ఇజ్జత్‌తో చూసే చోట్లు లేవని కాదు. స్పెయిన్‌లో బాస్క్ కొండల నడుమ ఆక్స్పే అని ఒక చిన్న పల్లె ఉంది. అక్కడ బిట్టోర్ అర్గిన్సోనిస్ అనే ఆయన 1990లో 'అసాదోర్ ఎచెబారి' అనే హోటల్ తెరిచాడు. వంట ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. ఇంట్లో కట్టెల పొయ్యి మీద వంట చూస్తూ పెరిగినవాడు. రోజూ కట్టెలు కాల్చి తన బొగ్గులు తనే చేసుకుంటాడు. ఓక్ కట్టె ఒకదానికి, ద్రాక్ష తీగ మోడు ఇంకోదానికి. జాలీలను చక్రం తిప్పి పైకీ కిందికీ జరిపే ఏర్పాటు తనే చేయించుకున్నాడు. దునియాలో 50 గొప్ప రెస్టారెంట్ల జాబితాలో 2024లోనూ 2025లోనూ ఆ పల్లె హోటల్‌ది రెండో నంబర్. మనలాంటివాళ్లం వెళ్తే తినగలిగేది చేపలు, రొయ్యలే అనుకోండి, అది వేరే సంగతి. స్టాక్‌హోమ్‌లో నిక్లాస్ ఎక్‌స్టెడ్ 2011లో తెరిచిన హోటల్‌లో కూడా వంటంతా బిర్చ్ కట్టెల మీదే.

ఎచెబారిలో నాకు నచ్చింది నంబర్ కాదు. అక్కడ పేరున్నవాడే నిప్పు ముందు నిలబడతాడు. బిట్టోర్ గారి పేరూ, ఆయన చేతికి తగిలే సెగా ఒకే మనిషివి. మన దగ్గరికి ఆ షౌక్ దిగుమతి అయ్యేటప్పుడు గ్రిల్ వచ్చింది, కట్టెల పేర్లు వచ్చాయి, ధర వచ్చింది. ఆ ఒక్క సంగతీ అక్కడే ఉండిపోయింది.

మనకు అది స్పెయిన్ నుంచి రావాల్సిన పని లేదు. సహీహ్ బుఖారీలో, ముస్లింలో ఒక హదీస్ ఉంది, మీలో చాలామంది విన్నదే. ఖాదిమ్ ఖానా వండి తెచ్చినప్పుడు అతన్ని పక్కన కూర్చోబెట్టుకోమని, కూర్చోబెట్టలేకపోతే కనీసం ఒకటి రెండు ముద్దలైనా అతని చేతిలో పెట్టమని హుజూర్ (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పారు. కారణం కూడా చెప్పారు: ఆ ఖానా కోసం వేడిని భరించింది అతను కాబట్టి. దీన్ని నిదానంగా ఆలోచించండి. ఖానా రుచి గురించి కాదు, మసాలా గురించి కాదు. సెగ ఎవరు తిన్నారన్న లెక్క అది. 1,400 ఏళ్ల కింద, ఎడారిలో, పొయ్యి ముందు నిలబడ్డవాడి చెమట హుజూర్‌కు కనబడింది. గాజు గోడ ఇవతల ఏసీలో కూర్చుని అదే చెమటను మనం నజారా అనుకుని చూస్తున్నాం.

సెగ అంటే మాట వరసకు సెగ కాదు. మా మామూకు మూడేళ్లుగా పొద్దున లేస్తే ఖాఁసీ ఆగదు. డాక్టర్ మొదట అడిగిన సవాల్, "రోజుకు ఎన్ని సిగరెట్లు?" మామూ జిందగీలో బీడీ ముట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ ఇళ్లలో మండించే రాతిబొగ్గు పొగను కేన్సర్ కచ్చితంగా తెచ్చేవాటి గ్రూపులో పెట్టింది. కట్టెల పొగను బహుశా తెచ్చేవాటి గ్రూపులో పెట్టింది. మరి ఆ ఖరీదైన హోటల్‌లో మంట అంత పెద్దగా మండుతున్నా మా కళ్లలో నీళ్లు రాలేదేం? పైన లక్షలు పోసి పెట్టిన చిమ్నీ, గాలి లాగే మిషన్లు. గ్రాహక్ కళ్లు మండకూడదు కదా. ఫంక్షన్ హాల్ వెనక రేకుల షెడ్డులో, కాంపౌండ్ గోడకీ జనరేటర్‌కీ మధ్య, ఆరు దేగ్‌ల కింద కట్టెలు మండుతుంటే అక్కడ చిమ్నీ ఏదీ? మామూ చిమ్నీ ఆయన ఛాతీ.

ఇంకోటి చూడండి. ముంబైలో గాలి పాడైపోతోందని హైకోర్టు 2025 జనవరిలో ఆదేశమిచ్చింది. కట్టె, బొగ్గు వాడే బేకరీలు, తందూర్లు నెలల్లో గ్యాస్‌కో కరెంట్‌కో మారాలన్నారు. ఢిల్లీలో చలికాలం గాలి చెడినప్పుడల్లా హోటళ్ల తందూర్లలో బొగ్గు, కట్టె బంద్. గాలి అందరిదీ, ఆ ఖానూన్లతో నాకు లడాయి లేదు. కానూన్ పెద్ద హోటల్‌కూ చిన్న భట్టీకీ ఒకటే. దాన్ని తట్టుకునే తాఖత్ మాత్రం ఒకటి కాదు. పెద్దవాడు కొత్త మిషన్ కొంటాడు. పావ్ కాల్చి బతికే చిన్న బేకరీవాడు షట్టర్ దించుతాడు. ఆ నియమాలు రేపు హైదరాబాద్‌కు వచ్చాయనుకోండి. అప్పుడు నిప్పు మీద వండిన ఖానా ఎక్కడ మిగులుతుందో మీరే చెప్పండి. గాజు గోడ వెనకే.

ఇప్పుడు మన దస్తర్‌ఖాన్ల సంగతికి వస్తాను. ఇక్కడ కొందరికి గుస్సా రావచ్చు.

మన షాదీల్లో ఇప్పుడు 'లైవ్ కౌంటర్' లేకపోతే నాక్ కట్ అయిపోయినట్టే. లైవ్ తందూర్, లైవ్ కబాబ్, లైవ్ శవర్మా. ఏప్రిల్ నెల, కర్నూలు ఎండ, రాత్రి తొమ్మిదైనా నేల ఇంకా సెగ కక్కుతుంటుంది. నల్ల యూనిఫాం, నల్ల గ్లౌజులు, నెత్తికి టోపీ పెట్టించి ఇరవై ఏళ్ల పిల్లాడిని సిగ్డీ ముందు నిలబెడతారు. మెహమాన్లు ప్లేట్లు పట్టుకుని "జల్దీ, జల్దీ" అంటుంటారు. ఎవరూ పేరు అడగరు. "ఏయ్ కబాబ్!" అని పిలుస్తారు. నా చెవులతో విన్నాను, ఒక హాజీ సాబ్ నోటి నుంచి. చివరికి ఆ పిల్లాడు తినేది పన్నెండున్నరకు, చల్లారిన బగారా ఖానా, అదీ మిగిలితే.

వలీమా గురించి హదీస్ మనకు తెలియనిది కాదు. అమీర్లను పిలిచి గరీబులను వదిలేసిన వలీమా ఖానా ఖానాలన్నింటిలోకీ బత్తర్ అని. మనం ఇంకో అడుగు ముందుకేశాం. గరీబును పిలుస్తున్నాం, సిగ్డీ ముందు నిలబెట్టడానికి.

బేరం సంగతి చెప్పనా? హాల్‌కు మూడు లక్షలు అడిగితే 'ఓకే'. స్టేజీ పూలకు లక్ష అడిగితే 'ఓకే'. డ్రోన్ కెమెరావాడికి 'ఓకే'. బావర్చీ దగ్గరికి రాగానే మన చాచాలందరూ ఖాజీలైపోతారు. దేగ్‌కు ఐదొందలు తగ్గించమని గంటసేపు బహస్. "గోష్త్ మాది, చావల్ మాది, నీదేం పోయింది మియాఁ, చెయ్యేగా!" అవును, చెయ్యే. ఆ చెయ్యి 40 ఏళ్లకు తయారైంది. షాదీ అయిపోయాక మిగతా సగం పైసలకు ఆ చెయ్యి నాలుగుసార్లు మీ గేటు తట్టాలి. చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలన్న మాట జుమా ఖుత్బాలో విని తల ఊపేది మనమే.

"నువ్వు ఖామోఖా అమీర్ల మీద జలన్‌తో రాస్తున్నావు" అని ఒకరిద్దరు అంటారని తెలుసు. అక్కడి కిరాయి, కరెంట్, లైసెన్సులు, ఇంటీరియర్, ఎన్నో ఖర్చులుంటాయి, ధర ఊరికే పెట్టరని కూడా అంటారు. నిజమే. నేను ధర తగ్గించమనలేదే. 1,850 రూపాయల ఆరు ముక్కల ధరలో గ్రానైట్‌కు వాటా ఉంది, పువ్వుకు వాటా ఉంది, కార్డ్ రాసినవాడికి వాటా ఉంది. బొగ్గులు లాగినవాడి వాటా ఏ పాలసీలో దాగిందని అడిగాను, అంతే. "వాళ్లు చదువుకున్న చెఫ్‌లు, మీ మామూ అంగూఠా ఛాప్" అంటారా? మా మామూ నిజంగానే అంగూఠా ఛాప్. అయితే ఆ అక్షరం రాని మనిషి మూత తీయకుండా దేగ్ లోపలి హాల్ చదువుతాడు. ఏ యూనివర్సిటీ పట్టా అది నేర్పుతుందో తెచ్చి చూపించండి.

ఇంకొందరు "బావర్చీల పిల్లలు చదువుకుని బాగుపడుతున్నారు, అది మంచిదే కదా, ఈ పని పోతే పోనీ" అంటారు. దీని మీద నాకు నిజంగా రంజ్ ఉంది. మామూకు ముగ్గురు షాగిర్దులు ఉండేవాళ్లు. ఒకడు సౌదీ వెళ్లి డ్రైవర్ అయ్యాడు. ఒకడు సెంట్రింగ్ పనికి పోతున్నాడు, అక్కడ శనివారం శనివారం పైసలు చేతిలో పడతాయి. మూడోవాడు మామూ సొంత కొడుకు. బైక్ మీద ఖానా డెలివరీ చేస్తున్నాడు. వాణ్ణి దేగ్ దగ్గరికి రానివ్వనిది మామూయే. "ఇజ్జత్ లేని కామ్ బేటా, నాతోనే ఖతం కానీ" అన్నాడు. పని బరువని కాదు, సెగ ఎక్కువని కాదు, ఇజ్జత్ లేదని. ఇది ఏ హోటల్ వాడూ ఆయనకు నేర్పలేదు. 40 ఏళ్లు మన షాదీల వెనక నిలబడి నేర్చుకున్నాడు. చదువు కోసం పిల్లలు పని మారడం వేరు, తౌహీన్ తట్టుకోలేక పారిపోవడం వేరు. ఆ చెవితో వినే ఇల్మ్ ఏ కితాబులోనూ లేదు. ఆయనతో పాటు అది కూడా కఫన్‌లోకి పోతుంది. ఆ తర్వాత మన మనవలు 'ఏన్షియెంట్ దమ్ టెక్నిక్' తినడానికి ఐదు వేలిచ్చి టేబుల్ బుక్ చేసుకుంటారు.

కాబట్టి షాదీ సీజన్ ముందే అడుగుతున్నాను. హాల్ చూడ్డానికి వెళ్లినప్పుడు స్టేజీ, ఏసీ, పార్కింగ్ చూస్తారు కదా, వెనక్కి కూడా ఒకసారి నడవండి. దేగ్‌లు పెట్టే చోట నీడ ఉందా, పొగ పోయే దారి ఉందా, పంకా ఉందా, చేతులు కడుక్కోవడానికి నల్లా ఉందా చూడండి. లేకపోతే హాల్ మాలిక్‌ను అడగండి, డెకరేషన్ కోసం ఎంత గట్టిగా అడుగుతారో అంత గట్టిగా. బావర్చీకి, షాగిర్దులకు ఖానా మొదటి పంక్తి లేవకముందే వేడివేడిగా పెట్టించండి. దేగ్ దించిన రాత్రే లెక్క చుక్తా చేయండి. హోటల్‌కు వెళ్తే వెళ్లండి, మెనూ చదివాక నిప్పు ముందున్నవాడి పేరు అడగండి. 'సెక్షన్' అంటే మళ్లీ అడగండి. వీలైతే గాజు పక్కకు వెళ్లి అతని చేతిలోనే ఏదైనా పెట్టండి.

డిసెంబర్‌లో మా పెద్దమ్మాయి నికాహ్, ఇన్షాఅల్లాహ్. రుఖా ప్రింట్‌కు ఇచ్చాను. అందులో కింద, మెహమాన్లను పిలిచేవాళ్ల పేర్ల వరసలోనే, 'పక్వాన్' అని రాసి మామూ పేరు వేయించాను. ఖాఁసీ ఉంది, పొయ్యి ముందుకు వెళ్లొద్దని డాక్టర్ అన్నాడు, అయినా ఆయన నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి పక్క నుంచి చెప్పి చేయిస్తానన్నాడు. డెలివరీ బైక్ వాడు కూడా వస్తానన్నాడు, ఆ ఒక్క రోజుకు. ప్రూఫ్ చూసి మా బడే అబ్బా ఫోన్ చేశారు, "వంటవాడి పేరు రుఖాలో ఏంది, ఖాందాన్ పరువేం కావాలె?" అని. ప్రెస్సువాడికి చెప్పేశాను, పేరు ఉంటుంది, 400 కాపీలు వేయమని. బడే అబ్బా ఇంకా గుస్సాలోనే ఉన్నారు.